నీళ్ళు మోసేది మనం, లెక్క ఎవరిది?

సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో ఏ వూరికి పోయి "మీ నీళ్ళెట్లా వున్నాయి?" అని అడిగినా ఆడవాళ్ళ దగ్గర జవాబు సిద్ధంగా వుంటుంది. ఉప్పగా వున్నాయనో, పప్పు ఉడకటం లేదనో, బిందె అడుగున ఎర్రమడ్డి తేరుతోందనో, గుడ్డలకు సబ్బు నురగ రావటం లేదనో చెబుతారు. ప్రయోగశాల లేకుండా, జీతం లేకుండా, తరతరాలుగా స్త్రీలు చేస్తున్న నీటి పరీక్షలివి. ఏ శాఖా వీటిని తన రికార్డుల్లో రాసుకోలేదు.

కానీ సీసానికి రుచి లేదు. నీళ్ళలో కరిగిన కాడ్మియానికి రంగూ వాసనా లేవు. లీటరు నీటిలో గ్రాములో లక్ష వంతు సీసం వుంటే అది తాగునీటి ప్రమాణపు అంచుకు చేరినట్టు. ఏ నాలుకా దాన్ని పట్టలేదు. స్త్రీల అనుభవం ఆగిపోయే చోట కొలత మొదలవ్వాలి. ఆ కొలత ఎవరి చేతిలో వుంది? ఎవరి కోసం జరుగుతోంది? దాని ఫలితం ఎవరికి చేరుతోంది? ఇవి రసాయనశాస్త్రపు ప్రశ్నలు, మహిళా సంఘాలకు వీటితో పనేమిటి అనుకునేవాళ్ళు మనలోనూ వున్నారు. నేను చదివింది సమాజశాస్త్రం. ఇవి అధికారానికి సంబంధించిన ప్రశ్నలని చెప్పటానికే ఈ వ్యాసం.

ఒకే నీరు, నాలుగు ఆఫీసులు

2008 ఆగస్టులో ప్రారంభమైన శ్రీసిటీ ఈ రెండు మండలాల్లో ఇవాళ సుమారు 10 వేల ఎకరాల మేర పరుచుకుని వుంది. 200 పైచిలుకు కంపెనీలు వచ్చాయని నిర్వాహకులు చెబుతున్నారు. మెట్రో రైలు పెట్టెలు, ఏసీలు, భారీ యంత్రాలు, సెల్‌ఫోన్లు, చాక్లెట్లు, టూత్‌పేస్టు ఇక్కడ తయారవుతాయి. దీనికి దక్షిణంగా, పిచ్చాటూరు ప్రాజెక్టు దిగువన, నాగలాపురం, సురుటుపల్లి మీదుగా తమిళనాడులోని ఊత్తుకోట వైపు అరణియార్ పోతుంది. మనవాళ్ళు అరుణానది అంటారు. ఉత్తరాన సూళ్ళూరుపేట మీదుగా కాళంగి పోతుంది. రెండూ చివరికి చేరేది పులికాట్ వైపే. మధ్యలో ఎన్నో వంకలు, సప్లై కాలువలు, గొలుసుకట్టు చెరువులు.

ఇక్కడి ఏర్లు ఏడాదిలో చాలా నెలలు ఇసుక కిందే ప్రవహిస్తాయి. చెలమ తవ్వితే నీరు వూరుతుంది. ఏటి ఒడ్డున ఇరవై ముప్ఫై అడుగుల బావిలో కనిపించేదీ, ఏట్లో పారేదీ వేర్వేరు నీళ్ళు కావు. ఈశాన్య రుతుపవనాల వానలకు భూమి నిండితే పైపొర నీరు ఏట్లోకి వూరుతుంది. ఏరు నిండుగా పారితే ఏటి నీరు ఒడ్డు బావుల్లోకి ఇంకుతుంది. ఒడ్డున బోర్లు, ఫిల్టర్ పాయింట్లు ఎక్కువగా తోడితే ఏటి నీటిని బావి తనవైపు లాక్కుంటుంది. ఈ రాకపోకల్లో నీటితోపాటు కరిగిన లోహాలూ ప్రయాణం చేస్తాయి. కొన్ని లోహాలు మట్టి రేణువులకూ, ఇనుము, మాంగనీసు తుప్పు పొరలకూ అతుక్కుని ఏటి అడుగున, చెరువు పూడికలో కూర్చుంటాయి. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ పొరలు కరిగి, పట్టివుంచిన లోహాలను తిరిగి నీళ్ళలోకి వదులుతాయి. ఆ పూడిక మట్టినే వేసవిలో ట్రాక్టర్ల మీద పొలాలకు తోలుకుంటాం. ఒకనాడు ఒకచోట ఒక సీసా పట్టి "నీళ్ళు బాగున్నాయి" అనటానికి అందుకే అర్థం లేదు. ఏరూ, బావీ, పూడికా కలిపి, వానలకు ముందూ తరువాతా, ఎగువనా దిగువనా కొలిస్తేనే అది కొలత.

మన ప్రభుత్వ యంత్రాంగం ఈ ఒక్క నీటిని నాలుగు ముక్కలు చేసి నాలుగు ఆఫీసులకు పంచింది. నదిలో లోహాలు కొలిచేది కేంద్ర జల సంఘం. దేశంలోని నదుల్లో లోహాల మీద 2014లో, 2018లో నివేదికలు కూడా వేసింది. భూగర్భజలాన్ని కొలిచేది కేంద్ర భూగర్భ జల మండలి. దాని నాణ్యత పరీక్షలు దేశం మొత్తానికి 15 వేల పైచిలుకు చోట్ల జరుగుతాయి. ఆరు లక్షలకు పైగా వూళ్ళున్న దేశంలో ఇది సగటున నలభై వూళ్ళకు ఒక్క చోటు. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే నీటిని చూసేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. కుళాయి నీటిని చూసేది గ్రామీణ నీటి సరఫరా శాఖ. ఏటికీ బావికీ మధ్య ఇసుకలో జరిగే రాకపోకలు ఏ ఆఫీసు పరిధి? చెలమ ఏ ఫైలు కిందికొస్తుంది? దళితవాడ పక్కన వంక ఒడ్డునున్న చేతిపంపు ఎవరి లెక్కలోది? చేపలూ పీతలూ పట్టుకుని వంకల వెంట, చెరువుల వెంట బతికే యానాది స్త్రీ కుండలో నీళ్ళు ఎవరు కొలుస్తారు? ఆఫీసుల మధ్య గీతలు గీసినవాళ్ళు నీళ్ళు మోసినవాళ్ళు కాదు.

చట్టం ఎవరికి సగం సీసా ఇచ్చింది

1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టాన్ని మన సంఘాలు ఒకసారి శ్రద్ధగా చదవాలి. ఫ్యాక్టరీ వదిలే నీటి నమూనాను మండలి ఎలా తీయాలో 21వ సెక్షన్ చెబుతుంది. యజమానికి ముందు నోటీసు ఇవ్వాలి. అతని ఎదుట నమూనాను రెండు భాగాలు చేయాలి. సీలు వేసి ఇద్దరూ సంతకం పెట్టాలి. అతను కోరితే రెండో భాగాన్ని వేరే ప్రయోగశాలకు పంపాలి. పరీక్ష నివేదికలో ఒక ప్రతి యజమానికి అందాలని 22వ సెక్షన్ చెబుతుంది. ఇదంతా న్యాయమే. నిందపడినవాడికి తన తరఫు వాదన వినిపించుకునే అవకాశం వుండాలి. మరి ఆ నీళ్ళు చేరే వంక పక్కన బతికే స్త్రీకి? ఈ సెక్షన్లలో ఆమెకు నోటీసు లేదు, సీసా లేదు, నివేదిక ప్రతి లేదు. 1988 సవరణతో మనకో చిన్న కిటికీ తెరుచుకుంది. కోర్టుకు వెళ్తామని 60 రోజుల ముందు నోటీసు ఇచ్చినవాళ్ళు మండలి దగ్గరున్న నివేదికలు అడగవచ్చు. అంటే ఈ చట్టం కింద మన బిందెలో ఏముందో తెలుసుకోవాలంటే ముందు కోర్టుకెక్కుతామని చెప్పాలి.

2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ మరో తలుపు మూసింది. ఆమోదం పొందిన పారిశ్రామిక పార్కుల లోపల వచ్చే ప్రాజెక్టులకు విడిగా ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదంది. 2023 నాటి జన విశ్వాస్ చట్టం పర్యావరణ పరిరక్షణ చట్టంలోని జైలుశిక్షను తీసేసి జరిమానాగా మార్చింది. విశ్వాసం ఎవరి మీదో పేరులోనే చెప్పలేదు గానీ, నీళ్ళు తాగేవాళ్ళ మీద మాత్రం కాదు.

కిట్టుకు కనిపించనిది

మరి స్త్రీలకు ఏ బాధ్యత అప్పగించారు? 2019లో మొదలైన జల జీవన్ మిషన్ ప్రతి వూళ్ళో ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలంది. చేతికి కిట్టు ఇచ్చి, సాధికారత అని పేరు పెట్టింది. నీటి నాణ్యత స్త్రీల చేతిలోకి రావటాన్ని నేను వ్యతిరేకించను. కానీ ఆ కిట్టు ఏం చూడగలదో చూడండి. ఉదజని సూచిక, కఠినత్వం, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, మిగిలిన క్లోరిన్ వంటివి. చుక్క వేసి రంగు పోల్చుకునే పరీక్షలు. సీసం, కాడ్మియం, నికెల్, క్రోమియం ఆ మామూలు కిట్టుకు కనిపించవు. ఒక పారిశ్రామిక నగరం పక్కన వున్న వూళ్ళో స్త్రీకి ఈ కిట్టు ఇచ్చి "మీ నీళ్ళు మీరే పరీక్షించుకోండి" అనటం సాధికారత కాదు. రేపు ఏదైనా బయటపడితే "మీరే కదా పరీక్షించారు, బాగున్నాయన్నారు" అనటానికి దారి వేసుకోవటం.

లోహాల కొలతకు పద్ధతి వేరు. సీసాలు ఆమ్లంతో కడిగినవై వుండాలి. బావిలో, పంపులో నిలవ నీరు తోడేసి కొత్త వూట వచ్చాక పట్టాలి. కరిగిన లోహం ఎంతో తెలియాలంటే 0.45 మైక్రాన్ల వడపోతలో వడకట్టి, కొద్ది చుక్కల నైట్రిక్ ఆమ్లం కలపాలి. లేకపోతే దారిలోనే లోహం సీసా గోడలకు అంటుకుని, అంకె తక్కువ వస్తుంది. శుద్ధమైన నీళ్ళ సీసా ఒకటి కూడా తీసుకుపోయి, మన చేతి నుంచే మురికి చేరలేదని రుజువు చేసుకోవాలి. ఇవి నేర్చుకోలేనంత కష్టమైన పనులేమీ కావు. కోడిపిల్లలకు టీకాలు వేసే స్త్రీలు, కుట్టు మిషన్ మీద నూలు పోగు తేడా పట్టే స్త్రీలు ఒక్క రోజులో నేర్చుకుంటారు. ఖరీదైనది ప్రయోగశాల యంత్రం. అది ప్రభుత్వ డబ్బుతో కొన్నదే, వూరి సీసాలు దాని దాకా వెళ్ళాలి.

నివేదిక చదవటం కూడా మనం నేర్చుకోవాలి. చాలా నివేదికల్లో లోహాల పేర్ల ఎదురుగా "గుర్తించగల పరిమితి కంటే తక్కువ" అని వుంటుంది. చదివి ఊపిరి పీల్చుకుంటాం. ఆ యంత్రం గుర్తించగల పరిమితి ఎంత అని అడగాలి. మన తాగునీటి ప్రమాణం ప్రకారం సీసం లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. కాడ్మియం 3, నికెల్ 20, క్రోమియం 50. యాభై మైక్రోగ్రాముల కంటే తక్కువ సీసాన్ని చూడలేని యంత్రం "కనపడలేదు" అంటే నలభై వుండవచ్చు. నాలుగు రెట్లు విషం "లేదు"గా నమోదవుతుంది.

ఎవరి శరీరంలోకి

ఈ ప్రమాణాలు కూడా ఎవరిని మనసులో పెట్టుకుని కట్టినవి? ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా ప్రమాణాలను 60 కిలోల బరువుండి రోజుకు రెండు లీటర్లు తాగే మనిషిని ఊహించుకుని లెక్కగట్టింది. మే నెలలో సత్యవేడు పొలాల్లో కలుపు తీసే స్త్రీ బరువెంత? ఆమె రోజుకు ఎన్ని లీటర్లు తాగుతుంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత వుంది. ఒంట్లో ఇనుము తక్కువైతే పేగులు సీసాన్నీ కాడ్మియాన్నీ ఎక్కువగా పీల్చుకుంటాయి. సీసం ఎముకల్లో ఏళ్ళ తరబడి నిలవ వుంటుంది. గర్భంలో, పాలిచ్చే కాలంలో ఎముక కరిగి బిడ్డకు కాల్షియం అందించేటప్పుడు ఆ సీసమూ రక్తంలోకి వస్తుంది. మాయను దాటి బిడ్డను చేరుతుంది. ఇంత వరకు ప్రమాదం లేదని చెప్పగల సీసం మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. ఆఖరున, అందరికీ పెట్టగా మిగిలింది తిని రక్తహీనురాలైన స్త్రీ శరీరం అదే నీళ్ళ నుంచి ఇంట్లో మగవాడికంటే ఎక్కువ విషాన్ని తీసుకుంటుంది. పితృస్వామ్యం కంచంలో మొదలై రక్తం దాకా ఎలా పోతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

జపాన్‌లో తొయామా ప్రాంతపు జింజు నది కథ మనకు తెలిసి వుండాలి. ఎగువన కమియోకా గనుల నుంచి కాడ్మియం నదిలోకి, నది నుంచి వరి మడుల్లోకి చేరింది. ఎముకలు మెత్తబడి, దగ్గితే విరిగేంత బాధ. జబ్బు పడిన వాళ్ళలో అత్యధికులు పిల్లల్ని కన్న, నడివయసు దాటిన స్త్రీలు. "ఇతాయ్, ఇతాయ్" అని, అంటే నొప్పి నొప్పి అని వాళ్ళు మూలిగిన మూలుగే జబ్బు పేరయింది. దశాబ్దాల తరువాత, 1968లో గానీ ప్రభుత్వం దాన్ని కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకోలేదు. 1971లో జిల్లా కోర్టులో, 1972లో పై కోర్టులో బాధితులు గెలిచారు. నష్టపరిహారంతో వాళ్ళు ఆగలేదు. ఏటా శాస్త్రవేత్తలను వెంటబెట్టుకుని గనుల్లోకి, కర్మాగారంలోకి వెళ్ళి తనిఖీ చేసే హక్కును, కంపెనీ ఖర్చుతో, ఒప్పందంగా రాయించుకున్నారు. శ్రీసిటీలో జపాన్ కంపెనీలు చాలానే వున్నాయి. తమ దేశపు రైతులకు దక్కిన హక్కు ఇక్కడి రైతు కూలీలకు ఎందుకు దక్కకూడదో ఆ కంపెనీలూ, వాటిని ఎర్ర తివాచీ పరచి పిలిచిన ప్రభుత్వమూ చెప్పాలి.

వినిపించే వాదనలు

"ఇక్కడి రాతిలోనే ఇనుము వుంది, అది ప్రకృతి" అంటారు. సత్యవేడు ఇసుకరాయిలో ఇనుము వున్న మాట నిజం. బిందె అడుగున ఎర్రమడ్డికి అదే కారణం కావచ్చు. అందుకే ఎగువన, ఫ్యాక్టరీలకు దూరంగా వున్న బావులనూ కొలవాలంటున్నాం. ప్రకృతి ఇచ్చిందెంత, మనిషి చేర్చిందెంత అన్నది పోలిస్తే తేలుతుంది. కొలవకుండా ప్రకృతి మీదికి తోసేయటం కుదరదు.

"ఇప్పుడు బావి నీళ్ళు ఎవరు తాగుతున్నారు, అందరూ క్యాన్ నీళ్ళే కదా" అంటారు. క్యాన్‌కు డబ్బు ఎవరి సంపాదనలోంచి పోతోంది? డబ్బు లేని రోజు ఏం తాగుతారు? వంటకు, పశువులకు, కూరమళ్ళకు, వరికి ఏ నీళ్ళు? క్యాన్ ప్లాంటు వడకట్టి పారబోసే చిక్కటి నీరు మళ్ళీ ఆ వంకలోకే కదా పోయేది.

"గొడవ చేస్తే కంపెనీలు పోతాయి, మన ఆడపిల్లల ఉద్యోగాలు పోతాయి" అంటారు. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. సెల్‌ఫోన్ల కర్మాగారాల్లో పనిచేసే వేలాది అమ్మాయిల జీతం కొన్ని ఇళ్ళలో పెళ్ళి వయసును వెనక్కి జరిపింది, అప్పు తీర్చింది, తమ్ముణ్ణి చదివించింది. ఆ అమ్మాయి జీతానికీ ఆమె తల్లి తోడే నీళ్ళకూ మధ్య పోటీ పెట్టింది ఎవరు? ఆ రెంటిలో ఒకటి ఎంచుకోమనే హక్కు ఎవరికీ లేదు. పైగా లోహాలతో, ద్రావకాలతో పని జరిగే చోట ముందుగా వాటి పాలపడేది లోపలి కార్మికులే. ఏ కంపెనీ మీదా నేను నేరం మోపటం లేదు. నిర్దోషి అయిన కంపెనీకి కొలతంటే భయం వుండనక్కర్లేదు.

"అంకెలు మీకేం అర్థమవుతాయి" అనేది చివరి వాదన. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన స్త్రీలకు అక్షరాస్యతా తరగతులు అప్పుడప్పుడే మొదలయ్యాయి. కూలి డబ్బుల్లో ఎంత సారాకు పోతోందో వాళ్ళకు ఎవరూ లెక్క చెప్పలేదు. వాళ్ళే లెక్క కట్టారు. 1993లో సారా నిషేధం వచ్చింది. పొదుపు సంఘంలో వడ్డీ, అసలు, వాయిదా పైసలతో సహా చెప్పే స్త్రీకి లీటరుకు పది అన్నది అర్థం కాదా?

ముందే ఎందుకు

కొలత ఆలస్యమైతే ఏమవుతుందో మన దగ్గరే చూశాం. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్ళారు. నక్కవాగు, దాని ఒడ్డు బావులు, మంజీర, అన్నీ ఒకే నీరని వూళ్ళవాళ్ళు చెబుతూనే వచ్చారు. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో మందుల అవశేషాలు ఎంత దారుణ స్థాయిలో వున్నాయో 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించాక గానీ లోకానికి తెలియలేదు. వెతకనిది దొరకదు. ఉద్దానంలో వేలమందికి కిడ్నీలు పోయాక నీళ్ళూ మట్టీ పరీక్షించటం మొదలుపెట్టారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. జబ్బుకు ముందటి నీళ్ళ లెక్క లేకపోతే దేనితో పోల్చాలి?

మన దగ్గర్లోనే, 2021 ఏప్రిల్‌లో కరకంబాడి, నూనెగుండ్లపల్లి బ్యాటరీ కర్మాగారాలకు సీసం కాలుష్యం ఆరోపణతో కాలుష్య నియంత్రణ మండలి మూసివేత ఆదేశాలిచ్చింది. కంపెనీ ఆరోపణలను ఖండించింది. హైకోర్టు ఆదేశాలను నిలిపివేసింది. తప్పొప్పులు తేల్చే పని కోర్టులది. నా బాధ వేరు. పత్రికల్లో, టీవీల్లో నడిచిన చర్చంతా ఏ పార్టీ ఎవరి మీద కక్ష తీర్చుకుంటోందన్నదే. మండలికి లాయర్లున్నారు, కంపెనీకి లాయర్లున్నారు, పార్టీలకు ఛానళ్ళున్నాయి. చుట్టుపక్కల వూళ్ళ స్త్రీల చేతిలో మాత్రం తమదైన అంకె ఒక్కటీ లేదు. వుండివుంటే ఆ చర్చలో వాళ్ళకూ ఒక గొంతు వుండేది.

మనం అడగాల్సినవి

పిచ్చాటూరు నుంచి పులికాట్ దాకా, రాష్ట్ర సరిహద్దుతో నిమిత్తం లేకుండా, ఏరూ ఒడ్డు బావులూ చెరువు పూడికా ఒకే పథకం కింద ఏడాదికి కనీసం రెండుసార్లు, వానలకు ముందూ తరువాతా కొలవాలి. నమూనాలు ఎక్కడ తీయాలో గ్రామసభలో స్త్రీలు నిర్ణయించాలి. దళితవాడ, యానాది కాలనీ నీళ్ళు ఆ జాబితాలో మొదట వుండాలి. ఈ పనిచేసే స్త్రీలకు కూలి కట్టివ్వాలి. ప్రతి నమూనాలో సీలు వేసిన సగం సీసా వూరికి దక్కాలి. ఫ్యాక్టరీ యజమానికి చట్టం ఎప్పుడో ఇచ్చిన మర్యాదే ఇది. ఫలితాలు నెలలోపల తెలుగులో, సరిహద్దు అవతల తమిళంలో, యంత్రం గుర్తించగల పరిమితితో సహా పంచాయతీ గోడ మీద రాయాలి, గ్రామసభలో చదివి వినిపించాలి. ఖర్చు పరిశ్రమలు భరించాలి, ప్రయోగశాలను మాత్రం అవి ఎంచుకోకూడదు. గర్భిణులకూ లోపలి కార్మికులకూ రక్తంలో సీసం పరీక్ష ఉచితంగా జరగాలి. ఆ ఫలితం ఆమెకు తప్ప యాజమాన్యానికి చేరకూడదు. ఏడాదికోసారి వూరి స్త్రీలు తమకు నచ్చిన శాస్త్రవేత్తలతో శుద్ధి కేంద్రాలను తనిఖీ చేసే హక్కు రాతపూర్వకంగా వుండాలి.

ఇవన్నీ వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ప్రతి వూళ్ళో సంఘం తరఫున ఒక నోటుబుక్కు పెట్టండి. వున్న బావి, బోరు, చేతిపంపు, చెలమ అన్నిటికీ నంబరు వేయండి. ఏది ఎంత లోతు, ఎవరు వాడతారు, ఏ నెలలో రంగు మారింది, పశువులు ఎప్పుడు మూతి పెట్టలేదు, తేదీ వేసి రాయండి. రేపు యంత్రం ఇచ్చే అంకెకు అర్థం చెప్పేది ఈ పుస్తకమే. 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ నాలుగు ఆఫీసులకూ విడివిడిగా దరఖాస్తులు పెట్టండి. గత ఐదేళ్ళలో మా మండలంలో ఏ ఏ లోహాలు, ఏ చోట, ఏ తేదీన, ఏ యంత్రంతో కొలిచారు అని అడగండి. "సమాచారం లేదు" అని జవాబొస్తే దాన్ని కూడా భద్రపరచండి. కొలవలేదని వాళ్ళ సంతకంతో వాళ్ళే ఒప్పుకున్న సాక్ష్యమది. దాన్ని గ్రామసభలో చదివి, కొలవమని తీర్మానం చేయించి, ఆ తీర్మానం నకలు సత్యవేడు నుంచి తిరుపతి కలెక్టరాఫీసుకు మనమే తీసుకుపోదాం.